రాజా దీనదయాళుగారి జీవితము: ముఖమునకు వెలుగు నొసంగిన విద్య

ఈ సంవత్సరము మన సంఘ వార్షిక మహాసభ శంషాబాదున జరుగుచున్నది. మహాసభ సంచికయందు ఒక మహనీయుని చరిత్రమును ప్రకటించుట మన ఆచారము. ఈ పర్యాయము మేము ఎన్నుకొనిన మహాశయులు మన కులమువారు కారు. మన భాషవారును కారు. ఉత్తరదేశమున జన్మించి, హైదరాబాదునకు వచ్చి, ఇచ్చటి ప్రభువులను, ప్రజలను, సౌధములను, క్షామమును సైతము గాజుపలకలపై నిలిపిపోయిన రాజా దీనదయాళుగారు వారు. కులసంఘపు సంచికలో అన్యకులజుల చరిత్ర మేల యని సోదరులు కొందరు ప్రశ్నింపవచ్చును. దానికి మా సమాధానమును వ్యాసాంతమున విన్నవించుకొందుము. ముందుగా ఈ వ్యాసము వ్రాయుటకు గలిగిన కారణమును జెప్పెదము.

సంచిక కొఱకు, మన సంఘమునకై పాటుపడిన పెద్దల చిత్రములను పంపవలసినదని మేము ఇంటింటికిని కోరితిమి. పురుషుల చిత్రములు పెక్కులు వచ్చినవి. తలపాగా చుట్టినవారు, కోటు దొడిగినవారు, చేతికఱ్ఱ పట్టినవారు, అందఱును స్పష్టముగా గానవచ్చిరి. కాని విద్యార్థి వసతిగృహమునకై తమ మెడలోని నగలను విప్పి యిచ్చిన తల్లుల చిత్రములు వేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే దొరకినవి. అట్టి యొక తల్లి చిత్రమని మాకు అందినది ఒక పెండ్లినాటి సమూహచిత్రము. అందామె చివరి వరుసలో, పందిరిగుంజ చాటున, కొంగు నీడలో నిలిచియున్నది. ఆమె పేరు మాకు దెలియును, ఆమె త్యాగము మాకు దెలియును. ఆమె ముఖము మాత్రము ఎవరికిని దెలియదు. ఆ చిత్రమును ముందు బెట్టుకొని కూర్చున్నప్పుడు, నూటముప్పది యేండ్లకు బూర్వమే ఈ నగరమున స్త్రీల చిత్రములకై ప్రత్యేకముగా ఒక స్టూడియో నెలకొల్పిన మహాశయులు మాకు స్మరణకు వచ్చిరి. అందువలన వారి చరిత్రమును వ్రాయ బూనితిమి.

బాల్యము, విద్యాభ్యాసము

దీనదయాళుగారు 1844వ సంవత్సరమున మీరటు నగరమునకు సమీపమున నున్న సర్ధానా పట్టణమున ఒక జైన కుటుంబమున జన్మించిరి. వారిది నగల వర్తకము చేయు ఇల్లు. రత్నముయొక్క గుణము దానిపై వెలుతురు పడినప్పుడు గాని తెలియదు. అట్టి యింట బుట్టిన బాలుడు పెరిగి పెద్దవాడై మనుష్యుల ముఖములపై వెలుతురును పరీక్షించువా డగుట మిక్కిలి తగియున్నది.

ఆ కాలమున రూర్కీ పట్టణమున థామసన్ సివిలు ఇంజనీరింగు కళాశాల యుండెను. అదియే నేడు రూర్కీ ఐ.ఐ.టి.గా వర్ధిల్లుచున్నది. దీనదయాళుగా రచ్చట చదివి, కొలతలు తీయుటయు, నక్షాలు వ్రాయుటయు నేర్చికొనిరి. 1866వ సంవత్సరమున విద్య ముగించి, మధ్యభారతమందలి ఇండోరు నగరమున పబ్లిక్ వర్క్సు శాఖయందు అంచనాలు కట్టు పనిలోను, నక్షాలు వ్రాయు పనిలోను ప్రవేశించిరి. ఇది స్థిరమైన ఉద్యోగము, గౌరవప్రదమైన ఉద్యోగము. అట్టి కొలువు దొరకినవాడు జీవితాంతము దానినే పట్టుకొని యుండుట లోకసామాన్యము.

నక్షాల విద్య వారికి వ్యర్థము కాలేదు. ఒక కట్టడమును ఎచ్చట నిలిచి చూచినచో దాని నిడివియు, ఎత్తును, లోతును తెలియునో నక్షా వ్రాయువానికి దెలియును. వారి చిత్రములలో నిలువు గోడ నిలువుగానే యుండుటయు, జనసమూహము చెదరక ఒక తీరుగా నమరియుండుటయు ఆ శిక్షణఫలమే యని మా యభిప్రాయము.

ఛాయాచిత్రకళ చేపట్టుట

ఛాయాచిత్రకళ 1839వ సంవత్సరమున పారిసు నగరమున లోకమునకు వెల్లడియైనది. కొలదికాలములోనే అది మన దేశమునకును వచ్చెను. 1874 ప్రాంతమున దీనదయాళుగారు దానిని చేపట్టిరి. ఇండోరు ప్రభువైన రెండవ తుకోజీరావు హోల్కరుగారును, మధ్యభారతమున గవర్నరు జనరలుగారి ఏజెంటుగా నుండిన సర్ హెన్రీ డేలీగారును వారికి ప్రోత్సాహ మొసంగిరి. 1875-76 సంవత్సరములలో వేల్సు యువరాజు మన దేశమును దర్శించినపుడు ఆ యాత్రను చిత్రించు అవకాశము వారికి లభించెను. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌గారితో బుందేలుఖండమున సంచరించి ప్రాచీన దేవాలయములను, కోటలను చిత్రించిరి. ఆ చిత్రములతో మధ్యభారతమందలి సుప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథము 1886లో ప్రకటింపబడెను.

ఆ దినములలో చిత్రము దీయుట నేటివలె సుకరము కాదు. 1851లో ఇంగ్లండు దేశమున ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు కనిపెట్టిన తడిపలక పద్ధతి వాడుకలో నుండెను. గాజుపలకపై కొలోడియనను జిగురుద్రవమును బోసి, వెండిక్షారపు నీట ముంచి, తడి యారకముందే కెమెరాలో నుంచి, తడి యారకముందే కడుగవలెను. ఇదంతయు కొలది నిమిషములలో ముగియవలెను. కావున చిత్రకారుడు పోవుచోటికెల్ల చీకటిగుడారము, మందుసీసాలు, నీళ్లకుండలు, గాజుపలకల పెట్టెలు బండ్లమీద బోవలసినదే. ఎండకాలమున మందు త్వరగా నారిపోవును. దుమ్ము లేచిన పలక చెడును. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్సు అనునాతడు జెలటినుతో పొడిపలకకు దారి చూపెను. 1880 దరిదాపున అట్టి పలకలు అంగళ్లలో దొరక నారంభించెను. వానితో నిరీక్షణకాలము తగ్గి, చిత్రకారుని గుడారభారము తొలగెను. దీనదయాళుగారి కీర్తి విస్తరించిన కాలము ఈ మార్పు జరిగిన కాలమే.

హైదరాబాదు ప్రవేశము

ఆరవ నిజాము మీర్ మహబూబు అలీఖానుగారు 1869లో శిశుప్రాయమున సింహాసన మెక్కి, 1884లో సంపూర్ణాధికారము వహించిరి. ఆ మరుసటి యేడు ప్రాంతమున దీనదయాళుగారు నిజాము కొలువున ఛాయాగ్రాహకులైరి. 1885లోనే రాజప్రతినిధికి ఛాయాగ్రాహకులను గౌరవమును పొందిరి. ప్రభుత్వోద్యోగమునకు సెలవు బెట్టి, పిదప దానిని వదలుకొని, తమ బ్రతుకును ఈ క్రొత్తవిద్యపైననే నిలిపిరి. 1886లో సికిందరాబాదున స్టూడియో నెలకొల్పిరి. కుమారులు జ్ఞానచందు, ధర్మచందుగార్లు తండ్రి వృత్తినే యవలంబించిరి. పదులకొలది పనివారు, చిత్రకారులు, కడుగువారు, అద్దువారు, అట్టలకు అంటించువారు వారి యొద్ద జీవనము గడుపుచుండిరి. 1896లో బొంబాయి నగరమున మఱియొక స్టూడియో వెలసెను.

1894లో నిజాము ప్రభువు వారికి ముసవ్విర్ జంగ్ రాజా బహదూర్ అను బిరుద మొసంగిరి. నాటి నుండియే వారు రాజా దీనదయాళు అని లోకమున బ్రసిద్ధులైరి. 1897లో విక్టోరియా రాణీగారి ఛాయాగ్రాహకులను రాజముద్రాంకిత పత్రము లభించెను.  కెమెరా పట్టి జంగ్ బిరుదమును బొందినవారు వీరు.

మనము నేడు సమావేశమైన శంషాబాదునకును వారి కాలమునకును సంబంధము లేకపోలేదు. ఈ యూరి పేరు పైగా ప్రభువుల షంసుల్ ఉమ్రా బిరుదమును బట్టి వచ్చినదని చెప్పుదురు. ఆ వంశమునకు జెందిన వికారుల్ ఉమ్రాగారు 1884లో పునాది వేయించి కట్టించిన ఫలక్‌నుమా సౌధము నగరమునకును శంషాబాదునకును నడుమ కొండపై నిలిచియున్నది. 1897 ప్రాంతమున అది నిజాము వశమయ్యెను. ఆ సౌధమును వెలుపలను లోపలను దీనదయాళుగారు చిత్రించిరి. 1902లో కర్జను ప్రభువు సతీసమేతముగా వరంగల్లు ప్రాంతమున నెక్కొండ సమీపమున పులివేటకు వచ్చినపుడు తీసిన చిత్రము నేటికిని లోకమున బ్రసిద్ధము. 1903లో జరిగిన ఢిల్లీ దర్బారును సైతము వారి సంస్థ చిత్రించినది.

వెలుతురును వశపరచుకొనిన విధము

నాటి స్టూడియోలయందు దీపమునకంటె సూర్యుడే ప్రధానము. స్టూడియోకు ఉత్తరదిక్కున వాలుగా గాజుకప్పును, గాజుగోడను నిర్మింతురు. మన దేశమున దక్షిణపు వెలుతురు సూర్యుని యెండను నేరుగా లోనికి దెచ్చును. నేరుటెండ కంటిక్రింద, ముక్కుక్రింద నల్లని నీడ వేయును. ఉత్తరపు వెలుతురు ఆకాశమునుండి చెదరి వచ్చును గాన మెత్తగా నుండి దినమెల్ల ఒక్కతీరుననే నిలుచును. ఆ గాజునకు లోపల పలుచని తెల్లబట్ట తెరలను తీగెలపై గూర్చి, అవసరమును బట్టి లాగుచు విడుచుచు నుందురు. ఒక తెర తీసిన చెంపపై వెలుగు వచ్చును. మఱియొకటి మూసిన నుదుటిపై మెఱపు తగ్గును. నీడవైపున తెల్లని బట్టకట్టిన చట్రమును నిలిపినచో ఆ వైపు ముఖము పూర్తిగా చీకటిలో మునుగక, రూపురేఖలు గానవచ్చును. నేటి స్టూడియోలలో గొడుగులు, పెట్టెదీపములు, తెల్లని అట్టలు చేయుచున్న పని యంతయు ఇదియే.

మన దేశపు చిత్రకారునకు వేరొక చిక్కు గలదు. నాటి పలకలు నీలివర్ణమును మాత్రమే చక్కగా గ్రహించును. ఎఱుపును, పసుపును దాదాపు గుర్తింపవు. అందుచే లేత నీలపు వస్త్రము తెల్లగాను, ఎఱ్ఱని పట్టుచీర నల్లగాను, నుదుటి కుంకుమ నల్లబొట్టుగాను వచ్చును. పసిమిచాయ, చామనచాయ గల ముఖములు ఉన్నదానికంటె నల్లగా దోచును. జరీ నగలు మాత్రము వెలుతురుకు తళుక్కుమని తెల్లగా మండును. ఇట్టి పలకతో, చామనచాయ ముఖముపై ఎఱ్ఱని తలపాగా, దానిపై రత్నముల తురాయి ధరించిన ప్రభువును చిత్రించుట యెంత నేర్పుగల పని! ముఖమునకు వలసినంత సేపు వెలుతురు నిచ్చినచో తురాయి కాలిపోవును. తురాయిని కాపాడినచో ముఖము మాసిపోవును. రెంటికి నడుమ త్రాసుముల్లువలె నిలుచుటయే ఆ విద్య. ఎఱుపును సైతము గ్రహించు పలకలు 1906లో గాని విక్రయమునకు రాలేదు. అప్పటికి దీనదయాళుగారు కీర్తిశేషులైరి.

కూర్చుండబెట్టుట, నిలువబెట్టుట

పలక వెలుతురును గ్రహించుటకు కొన్ని క్షణములు పట్టును. అంతసేపు మనుష్యుడు కదలరాదు. అందుచే నిలిచినవాని తలవెనుక ఇనుపకడ్డీతో జేసిన ఆనిక నుంచి, అది కానరాకుండ దుస్తుల చాటున మఱుగుపరచెడివారు. చేతికి బల్లయో, కుర్చీవీపో, కత్తిపిడియో ఆధారముగా నిచ్చెడివారు. పాతచిత్రములలో మన పెద్దలు బల్లపై చేయి యాన్చి గంభీరముగా నుండుటకు గర్వము కారణము కాదు. కదలినచో ముఖము చెదరిపోవు ననెడి భయమే ప్రధానకారణము. నవ్వును క్షణములకొలది నిలుపుట కష్టము; గాంభీర్యమును నిలుపుట సులభము.

దీనదయాళుగారు ఈ నిర్బంధమునే శోభగా మార్చిరి. ముఖమును నేరుగా గాక ముప్పాతిక పాలు త్రిప్పి, వెలుతురు వచ్చువైపునకు చూపు మరల్చినచో ముక్కుతీరు, చెంపతీరు వెల్లడియగును. రెండు చేతులు ఒకే విధముగా వ్రేలాడరాదు. దేహము ఒక దిక్కును, చూపు మఱియొక దిక్కును ఉన్నచో బొమ్మకు జీవకళ వచ్చును. దర్బారు సమూహములలో ఎవరు కూర్చుండవలెను, ఎవరు నిలువవలెను, ప్రభువునకు కుడివైపు నెవరు, ఎడమవైపు నెవరు అను మర్యాదలు మిక్కిలి కఠినములు. ఆ మర్యాద తప్పక, అయినను ఒక ముఖమైనను మఱియొక ముఖముచే గప్పబడక యుండునట్లు పదులకొలది జనమును అమర్చుట వారికి బాగుగా దెలియును. మహాసభలలో ముందువరుస కుర్చీలకై జరుగు పెనగులాటను చూచిన మన కార్యదర్శులకు ఈ నేర్పు విలువ విశదము.

చిత్రము గ్రుడ్డుసొన పూసిన కాగితముపై ఎండలో నద్దబడును. పలక యెంత పెద్దదో చిత్రము నంతియే. నేటివలె చిన్న చిత్రమును పెద్దది చేయుట నాడు వాడుక కాదు. అద్దిన పిదప బంగారుక్షారముతో దానికి ఛాయ దిద్దుదురు. గాజుపలకపై సన్నని పెన్సిలుతో ముఖపు మచ్చలను సవరింతురు. కోరినవారికి కుంచెతో రంగులు వేయుదురు. ఎఱుపును గ్రహింపని పలక చేసిన లోపమును రంగులు వేయు చిత్రకారుడు తన చేతితో తీర్చెడివాడు.

జనానా స్టూడియో

ఇప్పుడు మేము ఈ వ్యాసము వ్రాయుటకు మూలమైన విషయమునకు వచ్చుచున్నాము. ఘోషా పాటించు కుటుంబములలో స్త్రీ పరపురుషుని యెదుట నిలుచుట దుర్ఘటము. కెమెరా వెనుక నున్నవాడు పురుషుడు, కడుగువాడు పురుషుడు, అద్దువాడు పురుషుడు. కావున ప్రభువుల సౌధములలో గోడలనిండ పురుషుల చిత్రములే. తల్లి, భార్య, కుమార్తె ఆ గోడలపై లేరు.

దీనదయాళుగారు 1892లో హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగా ఒక స్టూడియో నెలకొల్పిరి. దాని చుట్టును ఎత్తైన ప్రహరీగోడ గట్టించి, లోపలి కార్యమును శ్రీమతి కెన్నీ-లెవిక్ అను ఆంగ్లమహిళకు అప్పగించిరి. ఆమె లండను టైమ్సు పత్రిక విలేఖరి భార్య. స్త్రీలే స్త్రీలను చిత్రించునట్లు ఏర్పాటయ్యెను. మర్యాదకు భంగము కలుగలేదు. ముఖమునకు వెలుగు దక్కినది.

ఇందు వ్యాపారదృష్టి లేదని మేము చెప్పము. కాని వ్యాపారమునకు లాభమైన మార్గములు వేరు ననేకములు గలవు. ఘోషాను నిందించుచు ఉపన్యాసము చేయుటయో, లేక స్త్రీలు రారని చేతులు ముడుచుకొనుటయో ఆ కాలపు మార్గములు. దీనదయాళుగారు రెండును జేయలేదు. స్త్రీ యెచ్చట నున్నదో అచ్చటికే వెలుతురును గొనిపోవు ఉపాయము నాలోచించిరి. మన సంఘమువారు గ్రహింపవలసిన పాఠ మిందే యున్నది.

మెఱుపువెలుగు

సూర్యుడు లేనిచోట చిత్రము దీయుటకు మార్గ మేమని ఆ దినములలోనే విజ్ఞులు వెదకుచుండిరి. 1864లో మాంచెస్టరు నగరమున ఆల్ఫ్రెడ్ బ్రదర్సు అనునాతడు మెగ్నీషియము తీగెను వెలిగించి ఒకరి ముఖచిత్రమును దీసెను. 1887లో జర్మనీ దేశమున మీటే, గేడికే అను నిరువురు మెగ్నీషియము పొడిని పొటాసియము క్లోరేటు, ఆంటిమనీ సల్ఫైడులతో గలిపి క్షణములో మండు పొడిని సిద్ధపరచిరి. ఇదియే ఫ్లాష్ విద్యకు ఆదియైనది. కాని ఆ పొడి పెద్దచప్పుడుతో మండి, గదినిండ తెల్లని పొగ నింపెడిది. చేతులు కాలిన చిత్రకారులును, ప్రాణము గోల్పోయినవారును గలరు. అందుచే మంచి స్టూడియోలు చాలకాలము ఉత్తరపు వెలుతురునే నమ్ముకొనియుండెను. 1929లో జర్మనీయందు గాజుబుడ్డిలో మండు ఫ్లాష్ బల్బు అమ్మకమునకు వచ్చెను. 1931లో అమెరికాయందు హెరాల్డ్ ఎడ్జర్టన్‌గారు విద్యుత్తుతో మరల మరల మెఱయు దీపమును నిర్మించిరి. నేటి పెండ్లిండ్ల ఫ్లాష్ దీపములు దాని సంతానమే.

సాధనము సులభమైనది; విద్య మాత్రము సులభము కాలేదు. కెమెరా నెత్తిన నుంచిన ఫ్లాష్ ముఖమునకు నేరుగా దగిలినచో ముక్కుచెంపల భేదము పోయి ముఖము అప్పడమువలె చదునగును. వెనుక గోడపై నల్లని నీడ పడును. దానినే తెల్లని పైకప్పునకో, గోడకో, గొడుగునకో త్రిప్పికొట్టినచో దీనదయాళుగారి గాజుకప్పునుండి దిగిన వెలుతురువలె మెత్తబడును. ఇంకొక ధర్మమును మనవారు గుర్తుంచుకొనవలెను. దీపమునకు రెండింతల దూరమున నున్నవానికి వెలుతురు సగము గాక పాతిక పాలే యందును. అందుచే ఫ్లాష్ దగ్గఱ నుంచి తీసిన సమూహచిత్రమున ముందువరుసలోని పెద్దలు తెల్లగా మెఱయుదురు. వెనుకవరుసలోనివారు చీకటిలో గలిసిపోవుదురు. దీపమును వెనుకకు జరిపి, ఎత్తున నుంచినచో ముందువరుసకును వెనుకవరుసకును భేదము తగ్గును. మేము చూచిన పెండ్లిచిత్రమున ఆ తల్లి ముఖము కానరాకపోవుటకు ఇట్టి చిన్నలోపమే కారణమై యుండవచ్చును. లోపము చిన్నది, నష్టము తరతరములది.

క్షామచిత్రములు, చరమదశ

1899-1900 సంవత్సరములలో దక్కనునందు క్షామము వచ్చినపుడు, ఔరంగాబాదు ప్రాంతమున జరిగిన సహాయకార్యములను దీనదయాళు సంస్థవారు చిత్రించిరి. రత్నముల తురాయిని పట్టిన పలకయే ఎముకలుదేలిన కూలివానిని పట్టినది. ఇది ప్రభుత్వము తన ధర్మకార్యమును జూపుకొనుటకై చేయించిన పని యనుట నిజమే. అయినను ఆ పేదల యాకలికి సాక్ష్యముగా అట్టి చిత్రములు నిలిచియున్నవి.

1904లో కుమారుడు ధర్మచందుగారు మరణించిరి. మరుసటి యేడు, 1905 జూలై 5వ తేదీన, దీనదయాళుగారు తమ యఱువదియొకటవ యేట కాలధర్మము నొందిరి. 1911లో వారి పోషకుడైన మహబూబు అలీఖాను ప్రభువును దివంగతులైరి. వారి గాజుపలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీ నగరమందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించి భద్రపరచెను. 2006లో మన సాలార్జంగు మ్యూజియమున వారి చిత్రముల ప్రదర్శనము జరిగెను. ఆ సంవత్సరము నవంబరు నెలలో వారి స్మారకముగా తపాలాబిళ్ల వెలువడెను.

మన కర్తవ్యము

వ్యాసారంభమున వాయిదా వేసిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పెదము. ఛాయాచిత్రకళ మన దేశమునకు వచ్చినపుడు అది ఏ కులమువారి వృత్తియు గాదు. తాతతండ్రులనుండి సంక్రమించిన హక్కు దానిపై నెవరికిని లేదు. నగలవర్తకుల యింట బుట్టిన దీనదయాళుగారు ఇంజనీరింగు చదివి, స్థిరమైన యుద్యోగమును వదలి, ఇరువది యేండ్ల క్రితము తమ యింట నెవరును విననైన వినని విద్యతో అన్యదేశమునకు వచ్చి జీవించిరి. మన యువకులు పాతవృత్తి క్షీణించినదని నిరుత్సాహపడుచున్న యీ దినములలో, క్రొత్తవిద్యకు కులము లేదను సత్యమునకు వారి జీవితమే నిదర్శనము. 2008 మార్చిలో విమానాశ్రయము ప్రారంభమైన పిదప శంషాబాదు పరిసరములు మారిపోయినవి. త్రోవపొడవున వివాహమండపములు వెలసినవి. అమ్మపల్లి సీతారామచంద్రస్వామి దేవాలయమునకు వధూవరులు చిత్రములకై వచ్చుచున్నారు. అచ్చట కెమెరా పట్టిన యువకులలో మనవారును గలరు. వారికి మేము చెప్పునది ఒకటే. సాధనమును కొనుటతో విద్య రాదు. వెలుతురు ఎచ్చటనుండి వచ్చుచున్నదో, ఎవరి ముఖముపై బడుచున్నదో, ఎవరి ముఖముపై బడుట లేదో చూచుటయే విద్య.

ఇక సభ్యుల కొక మనవి. మహాసభ రెండవదినమున ఉదయము ఎండ ముదురకముందు, సభామండపమునకు ఉత్తరపు వరండాలో తెల్లని తెర గట్టింపబడును. అఱువదియేండ్లు దాటిన తల్లు లందఱును, పదవి యున్నను లేకున్నను, ఒక్కొక్కరుగా అచ్చట కూర్చుండవలెను. మన సంఘమందలి యువతులే వారి చిత్రములను తీయుదురు. ప్రతి చిత్రము వెనుకను పేరు, ఊరు, పుట్టినయేడు, చేసిన సేవ వ్రాయబడును. ఇంటనున్న పాతచిత్రములను గూడ దెచ్చినచో ప్రతులు దీసి మరల నొప్పగింతుము. తడిగోడలకు వ్రేలాడదీసిన చిత్రములు బూజుపట్టి నశించును. గాజునకు అంటుకొనినవానిని బలవంతముగా ఊడదీయరాదు. పేరు వ్రాయని చిత్రము రెండుతరముల పిదప అపరిచితుని చిత్రమే యగును.

వసతిగృహమునకు నగలిచ్చిన ఆ తల్లి చిత్రమును మేము ఈ సంచికలో ప్రకటింపలేకపోయితిమి. ఆమె పేరునకు బైన ఖాళీచట్ర మొకటి యచ్చువేసితిమి. వచ్చు సంవత్సరపు సంచికలో అట్టి ఖాళీచట్ర మొక్కటియు నుండకుండునట్లు సోదరీసోదరు లందఱును తోడ్పడుదురు గాక యని ప్రార్థించుచు, ముఖమునకు వెలుగు నొసంగిన రాజా దీనదయాళుగారి స్మృతికి నమస్కరించి విరమించుచున్నాము.